తెర మీద పరుగు... తెర వెనుక తోపుడు!

పాతకాలం కథతో సినిమా వచ్చిందంటే చాలు, దుమ్ము లేపుకుంటూ ఒక తెల్ల అంబాసిడర్ రావాల్సిందే! అందులోంచి హీరోగారు దిగాల్సిందే, మీరు ఈలలు వెయ్యాల్సిందే! ‘మహానటి’ (2018) నాటి మద్రాసును చూపించాలన్నా, ‘లక్కీ భాస్కర్’ (2024) ఎనభైల చివరి బొంబాయిని చూపించాలన్నా పాత కార్లు లేనిదే పని జరగదు కదా. మరి తెర మీద కనిపించే ప్రతి పాత కారూ నిజంగా నడిచిందేనంటారా? ఫ్రేముకి అవతల నలుగురు కుర్రాళ్లు నడుం వంచి తోశారేమో, ఎప్పుడైనా అనుమానం వచ్చిందా?

నాకూ రాలేదు. రెండేళ్ల క్రితం ఒక సినిమా కంపెనీ మనిషి విజయవాడలో మా ఇంటి తలుపు తట్టేదాకా!

మా పెరట్లో టార్పాలిన్ కింద నాన్నగారి 1976 అంబాసిడర్ ఉంది. ఆయన టాక్సీ తోలి మమ్మల్ని పెంచింది దానిమీదే. ఆయన పోయాక అది కదల్లేదు. వచ్చినాయన టార్పాలిన్ ఎత్తి చూసి, ‘‘బాడీ బ్రహ్మాండంగా ఉందండీ, నాలుగు రోజులు ఇప్పించండి’’ అన్నాడు. ‘‘ఇంజను పోయింది’’ అన్నాను మొహమాటంగా. ఆయన నవ్వాడు. ‘‘ఇంజనెందుకండీ? మా కుర్రాళ్లు తోసేస్తారు. శబ్దం తర్వాత డబ్బింగులో కలుపుతాం!’’

ఆ మాట ఎందుకో నాకు రుచించలేదు. మా నాన్న బండికి డబ్బింగా? ఆ రాత్రే అమ్మ ట్రంకు పెట్టె తీసి నాన్నగారి లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టింది. 1984లో ఒకసారి ఇంజను మొత్తం విప్పి బాగుచేయించిన ఖర్చంతా పైసలతో సహా అందులో ఉంది.

ముందు అసలు ఇంజను ఎందుకు విప్పాల్సి వస్తుందో చెబుతాను. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డే మన దగ్గర అంబాసిడర్ అయింది. దాని 1489 సి.సి. పెట్రోలు ఇంజను సామాన్యమైంది కాదు సుమా! ఎంజీఏ అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు 1955లో ఇదే కుటుంబపు ఇంజనుతో వచ్చింది. లక్షల కిలోమీటర్లు తిరిగేసరికి పిస్టన్ ఆడే సిలిండర్ గోడ అరిగి గుండ్రం తప్పుతుంది. ఆయిల్ పైకెక్కి కాలుతుంది. వెనక నీలిపొగ, ఎత్తు మీద నీరసం! అప్పుడు సిలిండర్‌ను కాస్త పెద్దదిగా బోరింగ్ చేసి, ఆ కొలతకి తగిన ఓవర్‌సైజ్ పిస్టన్లు వెయ్యాలి. క్రాంకును గ్రైండింగ్ చేసి కొత్త బేరింగులు వెయ్యాలి. వాల్వులు అరగదీసి సీటింగు సరిచెయ్యాలి. ఒక్కటి వదిలేసినా మిగతా ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే.

ఇదుగో 1984 లెక్క. పిస్టన్లు, రింగులు 1,150 రూపాయలు. బోరింగు, క్రాంకు గ్రైండింగు కలిపి 340. బేరింగులు 420. వాల్వుల పని 310. గ్యాస్కెట్లు, ఆయిల్, చిల్లర 580. మేస్త్రి కూలి 700, కుర్రాడికి 100. వెరసి 3,600. పక్కనే నాన్నగారి అక్షరాల్లో ఇంకో ముక్క: ‘కూలి 750 అడిగాడు. 700కి ఒప్పించాను.’

ఆ 3,600 ఎక్కడిదో పుస్తకంలో లేదు. అమ్మ చెప్పింది. పెళ్లినాటి రెండున్నర కాసుల గొలుసు అమ్మితే, తరుగు పోను సరిగ్గా సరిపోయిందట!

సరే, నేనూ ఆటోనగర్ బయలుదేరాను. ఆనాటి మేస్త్రిగారే! డెబ్భై దాటినా ఇంకా షెడ్డుకొస్తున్నారు. కొలతలు తీసి, ‘‘అప్పుడు ఇరవై ఓవర్‌సైజ్ నేనే వేశాను బాబూ. ఇప్పుడు నలభై వెయ్యాలి. అరవై దాటితే ఇక లైనర్లే గతి’’ అన్నారు. అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. చూశారా, ప్రతి పునర్జన్మకీ ఇంజను లోపల కొంచెం కొంచెం కరుగుతుందన్నమాట!

ఇప్పటి లెక్క వినండి. పిస్టన్లు, రింగులు 18,500. బోరింగు, గ్రైండింగు 11,500. బేరింగులు 9,000. వాల్వుల పని 14,000. గ్యాస్కెట్లు, ఆయిల్, పైపులు 11,000. కూలి 25,000. మొత్తం 89,000 రూపాయలు! ఇది మా ఒక్క బండి లెక్క, ఊరందరి రేటూ అనుకోకండి.

ఇందులో రెండు ఖర్చులు నాన్నగారి కాలంలో లేవు. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు, అది వాల్వు సీట్లను కాపాడేది. 2000 నాటికి సీసం దేశమంతటా ఆగిపోయింది. అందుకని ఇప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించాలి. ఇక 2025కల్లా పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది. పాత రబ్బరు పైపులకి, పంపులోని డయాఫ్రమ్‌కి అది పడదు. అవీ మార్చాలి.

మరో తేడా, కాలం. 1984లో సామానంతా ఒక్క పూటలో దొరికింది, బండి ఆరో రోజున రోడ్డెక్కింది. 2014లో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది కదా! ఈసారి పిస్టన్ల కోసం కలకత్తా మల్లిక్ బజారు, ఢిల్లీ కశ్మీరీ గేటు ఫోన్లలో గాలించి, నాలుగు నెలలు కాచుక్కూర్చున్నాం.

3,600 ఎక్కడ, 89,000 ఎక్కడ అని గుండె పట్టుకున్నాను. అమ్మ మాత్రం తాపీగా అంది: ‘‘ఒరేయ్, ఆ గొలుసు ఉండుంటే ఇవాళ రెండు ఇంజన్లు చేయించేవాణ్ణిరా!’’ లెక్క వేస్తే నిజమే! 1984లో పది గ్రాముల బంగారం రెండు వేల లోపు. 2025 ఏప్రిల్లో లక్ష దాటింది. బంగారంతో తూస్తే ఇంజను పని పిరమైంది కాదు, చవకైంది!

మరి నిజంగా పెరిగిందేమిటి? పిస్టన్ల ధర పదహారు రెట్లు అయింది. చేతిపని కూలి ముప్ఫై ఒక్క రెట్లు అయింది. పెరగదూ మరి! స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పగల మనిషి ఆ వీధిలో ఇప్పుడు ఈయనొక్కరే. వాళ్లబ్బాయి కార్ల షోరూంలో కంప్యూటరు చూసి రిపేరు చెబుతాడు. తప్పు పట్టలేం. ఎనిమిది వందలకి ఆరు రోజులు నూనెలో మునిగిన తండ్రిని చూసి పెరిగినవాడు మరి! కూలి ఇప్పుడు ఎక్కువైందని నేననను. అప్పుడు మనం తక్కువిచ్చాం, అంతే.

సినిమాలు చూసి పాత కారు మోజు పడే కుర్రకారుకి ఒక్క మాట. రంగు చూసి అడ్వాన్సు ఇవ్వకండి. కంప్రెషన్ కొలిపించండి, పొగ రంగు చూడండి. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 రూల్సు ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషనుంది, ఫీజు 20,000. కానీ అలా చేయిస్తే రోజూ తిప్పుకోడానికి, కిరాయికి తిప్పడానికి వీల్లేదు. లెక్కలన్నీ వేసుకునే దిగండి!

మొన్న బండి స్టార్టయింది. మొదటి గుర్రుకే అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. మేస్త్రిగారికి 25,000 లెక్కపెట్టి, పైన ఇంకో యాభై నోటు పెట్టాను. ‘‘ఇదేంటి బాబూ?’’ అన్నారు. పుస్తకంలో నాన్నగారి ముక్క చూపించాను. చాలాసేపు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నోటు జేబులో పెట్టుకుంటూ, ‘‘మరి నలభై ఏళ్ల వడ్డీయో?’’ అన్నారు!

సినిమా కంపెనీ ఆయన మళ్లీ ఫోను చేశాడు. ‘‘ఈసారి తోసే కుర్రాళ్లు అక్కర్లేదండీ’’ అని చెప్పాను. మీరు కూడా ఈసారి తెర మీద పాత కారు కనబడితే, హీరోగారిని చూడ్డం అయ్యాక కాస్త సైలెన్సరు వైపు కూడా చూడండి!