కంఠస్థము వక్తృత్వము కాదు

వక్తృత్వ పరీక్ష సమీపింపగానే కళాశాల విద్యార్థి ఉపన్యాసమును వ్రాసికొని వల్లెవేయును. నడుమ ఒక్క మాట జారెనా, తక్కినదంతయు మరచును. అది జ్ఞాపకశక్తికి పరీక్షయే గాని వక్తృత్వమునకు గాదు.

నిజాము 1800లో ఆంగ్ల కంపెనీకి అప్పగించిన జిల్లాలను 'దత్తమండలము'లనెడివారు. 1928లో నంద్యాల సభలో ఆ పేరునకు మారుగా 'రాయలసీమ' అను పేరు వెలసినది. సభికుల మనసులోని కొరత నెరిగి పలికిన మాట గనుకనే అది నేటికిని నిలిచియున్నది.

కావున పరీక్షార్థి మొదట శ్రోత నెరుగవలెను. శ్రీశైలము జలాశయమును గూర్చి ప్రసంగింపదలచినవాడు, ఆ నీటికై యెదురుచూచు రైతునకు ముందుగా చెప్పి చూచుగాక! అతడు ఎదురు ప్రశ్న వేసినచో అదియే తొలి విజయము. ఉపాధ్యాయులును వ్రాతప్రతిని దిద్దుటతో తృప్తిపడక, అట్టి ప్రశ్నలను తామే వేయుట మేలు.