కాటా ఎవరి చేతిలో ఉంది?

పర్ణశాల అంటే ఆకుల ఇల్లు. ఎండాకాలం వస్తే ఆ చుట్టుపక్కల మన కోయ గూడేలన్నీ తెల్లవారకముందే తునికాకుకు అడవిబాట పడతాయి. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక బస్తా. కోసేది మనం, కట్టేది మనం, కల్లంలో ఆరబెట్టేది మనం. ధర మాత్రం మనం లేని చోట తేలుతుంది. ఎందుకని అడిగితే ఆదివాసులకు వ్యాపారం చేతకాదంటారు. అది అబద్ధం. చేతకానితనం కాదు, చేతికి అందనివ్వనితనం.

1956లో రెండు సహకార సంస్థలు పుట్టాయి. ఒకటి విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ. రెండోది అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో ఏ.కె. విశ్వనాథరెడ్డి నాయకత్వంలో రైతులు పెట్టుకున్న సహకార గ్రామీణ బ్యాంకు.

మొదటిది షావుకారి దొంగ తూకం నుంచి మనల్ని కాపాడటానికి వచ్చింది. సంతల్లో సరుకు కొన్నది, డిపోల్లో నిత్యావసరాలు అమ్మింది. ఆ మేలు కాదనలేం. 1979 నిబంధనతో షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే గుత్త హక్కు దానికే దక్కింది. కానీ దాని మేనేజింగ్ డైరెక్టరును నియమించేది ప్రభుత్వం. తేనె, తపసి బంక, ఇప్పపువ్వు తెచ్చే మనకు ఆయన్ని మార్చే అధికారం లేదు.

ముల్కనూరులో అప్పు ఇచ్చేదీ, పంట కొనేదీ ఒకే సంఘం. పంట సంఘానికే వస్తుంది కాబట్టి అప్పు తీరుతుంది. వడ్లు, పత్తి అమ్మడంతో ఆగకుండా మిల్లు పెట్టుకున్నారు, విత్తనాల వ్యాపారంలోకి దిగారు. మేనేజరుకు జీతమిచ్చేది సభ్యులు, లెక్క అడిగేదీ సభ్యులే.

వాళ్లు మైదానం రైతులు, మనది అడవి అంటారా? గడ్చిరోలి జిల్లా మేండా లేఖా చూడండి. మన బంధువులైన గోండుల ఊరు. 2011లో వెదురు రవాణా అనుమతుల పుస్తకం గ్రామసభ చేతికి తెచ్చుకుని, తమ వెదురు తామే అమ్ముకున్నారు. వాళ్లకు ఆ హక్కు ఇచ్చిన 2006 చట్టమే మనకూ ఉంది. అందులో తునికాకూ ఉంది, వెదురూ ఉంది. సర్కారు వాటా ధనం, పెత్తనం లేకుండా సంఘం పెట్టుకోవడానికి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది.

కాబట్టి పథకం వచ్చేదాకా కూర్చోవద్దు. ఒక్క సరుకుతో మొదలుపెడదాం. వాటా ధనం కొంచెమైనా మనదే కావాలి. లెక్కల పుస్తకం నెలనెలా గూడెం నడుమ, కోయ మాటలో చదవాలి. సంఘం నిలబడుతుందనగానే షావుకారు కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తానంటాడు. ఆ ఏడు అతనికి అమ్మితే సంఘం పోతుంది, మరుసటి ఏడు ధర అతని నోటి మాటే అవుతుంది.

పంతుళ్లారా, బడిలో కాటా పెట్టి తూకం, శాతం, వడ్డీ నేర్పండి. చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పట్నంలో ఇంకొకరి లెక్కలు రాసే ముందు మన గూడెం లెక్క రాయండి. ఈసారి ఆకు కోత మొదలుకాక ముందే గ్రామసభలో ఈ మాట పెట్టండి.