లైలాక్ వలదు, పారిజాతము చాలు

బిడ్డలను చూడ నమెరికాకు వెళ్లి వసంతము గడిపి వచ్చు మన మెట్టసీమ తలిదండ్రులలో, పూలమొక్కలపై మక్కువ గలవారి మనస్సునకు హత్తుకొను చెట్లలో లైలాక్ ఒకటి. చికాగో చెంత లంబార్డ్ పట్టణపు ఉద్యానమందును, 1898 నుండి లైలాక్ ఉత్సవములకు పేరొందిన రాచెస్టర్ నగరమందును, మే మాసమున ఊదారంగు గుత్తులతో నిండి దారివెంట పరిమళించు ఆ చిరువృక్షమును చూచినవారికి, జగ్గయ్యపేటలోనో నందిగామలోనో తమ యింటి పెరటిలో నట్టిదొకటి పెంచవలెనను కోరిక పుట్టుట సహజము. ఆ కోరిక మంచిదే. అది తీరు మార్గము మాత్రము వేరు.

లైలాక్ జన్మస్థానము బాల్కన్ ప్రాంతపు రాతికొండలు. పదునారవ శతాబ్దమున తురుష్కుల ఉద్యానములనుండి వియన్నాకు చేరి, అటనుండి ఐరోపాలో వ్యాపించిన యా మొక్కకు సున్నము గల నేల హితము. ఆ మాటకు వచ్చినచో మనకు సున్నమునకేమి కొదువ? 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన జగ్గయ్యపేట ధనబోడు బౌద్ధస్తూపపు శిల్పఫలకములు సున్నపురాతివే; నేడు చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములు నడుచుచున్నదియు నా రాతి బలిమిచేతనే. ఐనను నేల యొప్పుకొన్నను ఋతువు లొప్పుకొనవు. శీతకాలమున వారముల తరబడి గట్టి చలి సోకినగాని లైలాక్ మొగ్గలకు వికసించు శక్తి రాదు; మన పుష్యమాసపు చలియో, దుప్పటి కప్పుకొన్న తీరునది. కృష్ణానదికి ఆవలి యొడ్డున ఎండలకు పేరుమోసిన రెంటచింతల యుండగా, రోళ్లు పగులు రోహిణి కార్తెను గూర్చి మనకొకరు చెప్పనక్కరలేదు. అట్టి యెండలోనికి ఆ మొక్కను తెచ్చి నాటుట ధనవ్యయమే కాక, దానియెడ దయలేని పనియు నగును.

ఆంగ్లేయులు పర్షియా లైలాక్ అని పిలిచిన తురకవేప మన యెండలకు తాళునదే. దాని పూతయు లేత ఊదారంగుతో సువాసన గలదే. కాని పండ్లు విషపూరితము లగుటచే పసిబిడ్డలు తిరుగాడు పెరటికి తగదు. లైలాక్‌తో వంశసంబంధము గలిగి, మన యింటికి నన్నివిధముల తగినది పారిజాతము. వృక్షశాస్త్రజ్ఞులు లైలాక్‌ను, మల్లెను, ఆలివ్‌ను ఏ కుటుంబమున చేర్చిరో, పారిజాతమును నా కుటుంబముననే చేర్చిరి. నంది తిమ్మన ప్రబంధమున సత్యభామ యలుకకు కారణమైన దివ్యవృక్షపు పేరు దాల్చియు, ఇది సామాన్యముగ రెండు మూడు నిలువుల యెత్తునకు మించక, చిన్న పెరటిలో నొదిగియుండును. శ్రావణము మొదలు కార్తికము వరకు సందెవేళ విచ్చి, రాత్రియంతయు పరిమళించి, వేకువకు రాలు దాని పువ్వులకు తెల్లని రేకులును పగడపు రంగు కాడలును ఉండును. ఆ కాడలనుండి తీసిన రంగును పూర్వము పట్టుబట్టల కద్దెడివారు. నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదను నియమమునుండి సైతము పెద్దలు దీనికి మినహాయింపు నొసగిరి.

దీని పెంపకము కష్టసాధ్యము కాదు. కొమ్మవలన గాని, నాణెమువలె బల్లపరుపుగా నుండు కాయలోని విత్తనమువలన గాని మొక్క వచ్చును. తొలకరి వానలు పడిన పిమ్మట, గోడకు ఐదారడుగుల దూరమున, ఎండ బాగుగ తగులు తావున రెండడుగుల గుంట త్రవ్వి, మాగిన పశువుల యెరువు కలిపి నాటవలెను. నల్లరేగడి నేలలో వానకాలమున నీరు నిలిచి వేరు కుళ్లు భయము గలదు గనుక, ఎఱ్ఱమట్టియు ఇసుకయు కలిపి జానెడు మెరకచేసి నాటుట మేలు. రాతినేలలో గుంటను మరికొంత వెడల్పుగ త్రవ్వి మంచి మట్టితో నింపవలెను. మొదటి రెండు వేసవులును నీరు తప్పక పోయవలెను. క్రొత్త కొమ్మల కొనలందు పూయు స్వభావము గలది కావున, పూత ముగిసిన పిమ్మట కొమ్మలను కత్తిరించినచో మరుసటి యేడు గుబురుగ పెరిగి విరివిగ పూయును.

ఐనను పారిజాతమునకు నేడు పరమశత్రువు ఎండయు కాదు, చీడయు కాదు; ఈ గోడనుండి ఆ గోడవరకు పెరడంతయు సిమెంటు పరచు మన యలవాటు. 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ పట్టణములు రెండును హైదరాబాదు-విజయవాడ రహదారి చేరువను పెరుగుచున్నవి. స్థలముల వెల పెరిగినకొలది మట్టికి చోటు తరుగుచున్నది. ఆకు రాలుననియు, బురద యగుననియు, కారు నిలుపుటకు చోటు చాలదనియు చెప్పు కారణములు పూర్తిగ అసత్యములు కావు. కాని రాలిన యాకు గుంటలో వేసిన నెరువగును. కారునకు వలసిన చోటు పోను మిగిలిన మూల చెట్టునకు చాలును. వాననీటిని గచ్చుమీదుగ వీధికాలువలోనికి తరిమి, పిమ్మట బోరులో నీరు లేదని వగచుట వివేకము కాదు.

కావున ఇల్లు కట్టువారు ప్లాను గీయించుకొను నాడే, వాస్తు విషయమున చూపు శ్రద్ధలో నాలుగవవంతైనను చెట్టుపై చూపి, నాలుగడుగుల చదరపు నేలను గచ్చు చేయక విడువవలెను. ఇదివరకే పరచినవారు ఒక మూల పగులగొట్టించిన చాలును. రానున్న తొలకరికి ఆ మట్టిలో నొక పారిజాతమును నాటుడని పాఠకులకు నా విన్నపము.