కళింగానికీ ఒక నోరి కావాలి

రేపల్లెలో వకీలుగా బతికిన నోరి నరసింహశాస్త్రి (1900–1978) చారిత్రక నవల రాయడానికి రాజుల కంటే కవుల్నే ఎక్కువ నమ్ముకున్నారు. ‘నారాయణభట్టు’లో నన్నయ కాలం, ‘రుద్రమదేవి’లో తిక్కన కాలం, ‘మల్లారెడ్డి’లో ఎఱ్ఱన కాలం, ఆ తర్వాత శ్రీనాథుడు, పోతన, ధూర్జటి. వరసపెట్టి చదివితే దాదాపు అయిదు వందల ఏళ్ళ తెలుగునాడు కళ్ళముందు నడుస్తుంది.

‘నారాయణభట్టు’కు ఆయనకు దొరికిన ఆధారాలు మాత్రం కొంచెమే. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారమిచ్చిన శాసనం, భారతావతారికలో నన్నయ తన స్నేహితుడైన ఆ భట్టును తలచుకున్న మాటలు. అంతమాత్రంతో ఒక నవల నిలబెట్టారు. కల్పనే, కాని సాక్ష్యం ఎక్కడ ఆగిపోయిందో ఎరిగిన వకీలు చేసిన కల్పన. పాత్రలు మాటిమాటికీ శాస్త్రచర్చకు దిగుతాయి, కాదనం. అడవి బాపిరాజు ‘హిమబిందు’లోని ఉరవడి ఇక్కడ దొరకదు. ఆ పేజీలు దాటేసి చదివేవాళ్ళతో మాకు తగవేమీ లేదు.

అరసవల్లిలో కూర్చుని ఈ నవలలు తిరగేస్తుంటే మనసు ఉత్తరానికి లాగుతుంది. ఆ రాజరాజ నరేంద్రుడి కొడుకే చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. 1110 ప్రాంతంలో కరుణాకర తొండైమానును మన కళింగం మీదికి పంపాడు. ఎదుట నిలిచినవాడు గంగవంశపు రాజు అనంతవర్మ చోడగంగు. ఇద్దరి తల్లులూ చోళుల ఆడపడుచులే! చుట్టాల మధ్య యుద్ధం. నవలాకారుడికి ఇంతకన్నా ఏం కావాలి? గెలిచినవాళ్ళ వైపు నుంచి జయంకొండార్ తమిళంలో ‘కళింగత్తుప్పరణి’ రాశాడు. ఓడిన చోడగంగు ఆ తర్వాత పూరీలో జగన్నాథాలయం కట్టించాడు. అతని వైపు కథ తెలుగులో నోరివారి నవలల సరసన నిలిచేలా రావలసే ఉంది.

సామగ్రికి కొదవ లేదు. గిడుగు రామమూర్తి శాసనాలు చదవడం తనకు తానే నేర్చుకుని, ముఖలింగమే ఆ గంగుల రాజధాని కళింగనగరమని తేల్చారు. అక్కడి గుడి రాళ్ళ మీద అఖండదీపాలకిచ్చిన దానాలూ ఇచ్చినవాళ్ళ పేర్లూ ఉన్నాయి. వంశధార ఒడ్డున బౌద్ధక్షేత్రం శాలిహుండం ఉంది. ఇంతెందుకు, మార్చిలోనూ అక్టోబరులోనూ కిరణాలు స్వామి పాదాలు తాకే రోజుల్లో మన సూర్యనారాయణుడి గుడి ముందు బారులు తీరే జనంలో, దీన్ని కట్టించాడని చెప్పుకునే దేవేంద్రవర్మ ఎవరో ఎందరికి తెలుసు?

పిల్లలకు ఇవన్నీ పాఠంగా చెబితే పరీక్ష దాకానే గుర్తుంటాయి. రుద్రమ కాలాన్ని మన ఇళ్ళలోకి తెచ్చిన దాంట్లో పాఠ్యపుస్తకాల కన్నా నోరివారి నవలకూ, బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’కీ ఎక్కువ వాటా ఉంది.

సిక్కోలు, విజయనగరం రచయితలకు మా మనవి ఒక్కటే. చోడగంగు మీద నవల మొదలుపెట్టి సగంలో ఆపినవాళ్ళుంటే పూర్తి చేయండి. చేతిరాత ప్రతి అయినా సరే, మాకు పంపండి. బాగుంటే ధారావాహికగా వేస్తాం.