గోడమీది ఎరుపు: కమ్యూనిస్టు కాలపు బొమ్మలపై వ్యాసానికి జవాబు

కమ్యూనిస్టు కాలపు బొమ్మలు తూర్పు యూరప్ చిత్రకారులకే ముడిసరుకు అన్న ఆ వ్యాసం మాట నల్లగొండ నేలమీద నిలవదు.

పోలండ్ చిత్రకారిణి పౌలినా ఒవోఫ్స్కా 1976లో గ్దాన్స్క్‌లో పుట్టారు. కమ్యూనిస్టు కాలపు అల్లిక నమూనాల పోస్టుకార్డులను పెద్ద తైలవర్ణ చిత్రాలుగా మలిచారు. వార్సాలో ఆరిపోయిన వాలీబాల్ క్రీడాకారిణి నియాన్ బొమ్మ 2006లో మళ్లీ వెలగడానికీ ఆమే కారణం. అక్కడ ఆ బొమ్మలు కూలిన ప్రభుత్వం వదిలిన సామాను.

పాత నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో సంగతి వేరు. ఇక్కడ ఎర్రజెండా ఉద్యమానిది, సర్కారుది కాదు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం, దానిపై ఫొటోగ్రాఫర్ సునీల్ జానా తీసిన ఫొటోలు, ఊరి మొగదల అమరుల స్తూపాలు, గోడలమీద జాజు రాతలు - అన్నీ ఆ కోవవే. పోరాట నాయకుడు భీమిరెడ్డి నరసింహారెడ్డిది సూర్యాపేట తాలూకా కరివిరాల. మిర్యాలగూడ నుంచి లోక్‌సభకూ గెలిచారు. కనుక సుత్తీ కొడవలీ ఇక్కడ పాత జ్ఞాపకం కాలేదు, ఎన్నికల గోడమీద తాజా రంగే.

తెలుగులో ఒవోఫ్స్కాకు దగ్గరి పోలిక ఏలూరు బిడ్డ, ఆర్టిస్ట్ మోహన్. విశాలాంధ్ర, ఉదయం పత్రికల్లో పనిచేశారు; 2017లో కన్నుమూశారు. ప్రజాసంఘాల పోస్టర్లు, పుస్తకాల అట్టలు, కార్టూన్లు గీశారు. మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణల బొమ్మల పుస్తకాలు చవగ్గా దొరికిన తరం అది. అయితే ఒవోఫ్స్కా పాత బొమ్మను దూరం నుంచి, కాస్త చిలిపిగా చూస్తారు. మోహన్ గీసింది సభకోసం, ఊరేగింపుకోసం; గ్యాలరీ ఆ తర్వాతి మాట.