కొన్నది కొంత... పోషణ కొండంత
నగరాల్లో పెంపుడు కుక్కల భారం చివరికి ఎవరి మీద పడుతోంది?

పల్లెటూళ్లో కుక్కను పెంచడానికి ఎవరూ లెక్కలు వేసుకోరు. ఇంట్లో మిగిలిన అన్నం, గంజి దాని ఆహారం. వాకిలి దాని నివాసం. రాత్రివేళ కొత్త మనిషి అలికిడి వినిపిస్తే మొరగడం అది యజమానికి తీర్చుకొనే రుణం. నగరంలో ఈ ఒప్పందం చెల్లదు. రెండు పడక గదుల ఫ్లాటుకు వాకిలి ఉండదు. కాపలాకు గేటు దగ్గర మనిషి ఉంటాడు. అక్కడ కుక్క కాపలాదారు హోదా నుంచి కుటుంబ సభ్యుని హోదాకు ఎదిగింది. ఆ హోదాతోపాటే కుటుంబ సభ్యునికయ్యే ఖర్చూ వచ్చింది.

ఈ ఖర్చును ముందుగా అంచనా వేసుకోకుండా కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొన్నవారు మధ్యలో చేతులెత్తేస్తే ఆ భారం వీధి మీద, అంతిమంగా పురపాలక సంఘాల మీద పడుతుంది. వీధికుక్కల వివాదం 2025లో సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లిన నేపథ్యంలో, పెంపుడు కుక్కల పోషణ కేవలం యజమానుల సొంత వ్యవహారమని కొట్టిపారేయడానికి వీల్లేదు.

నెలల లెక్క, ఏళ్ల లెక్క

కుక్కపిల్లను కొనేవారు సాధారణంగా ఆలోచించేది దాని ధర గురించి మాత్రమే. వాస్తవానికి మొత్తం వ్యయంలో అది అతి స్వల్ప భాగం. నగరాల్లో ఎక్కువగా కనిపించే లాబ్రడార్ పూర్తిగా ఎదిగితే 25 నుంచి 35 కిలోల బరువు తూగుతుంది. పది నుంచి పన్నెండేళ్లు జీవిస్తుంది. దాని ఆహారానికి నెలకు 3,000 రూపాయలు, టీకాలు, మందులు, వైద్యునికి సగటున 1,000, స్నానం, సంరక్షణ, యజమాని ఊరికి వెళ్లినప్పుడు వసతి తదితరాలకు మరో 1,000 అవుతాయనుకొందాం. నెలకు 5,000 చొప్పున ఏడాదికి 60,000, పన్నెండేళ్లకు 7 లక్షల 20 వేల రూపాయలు. పిల్లను 20 వేలకు కొన్నారనుకొన్నా ఆ మొత్తం నాలుగు నెలల పోషణకే సమానం. మొత్తం వ్యయంలో దాని వాటా మూడు శాతానికి మించదు. చిన్నజాతి కుక్క అయితే, ఇంట్లో వండిన ఆహారమే పెడితే ఈ ఖర్చు సగానికి తగ్గవచ్చు. అప్పటికీ అది మూడున్నర లక్షలు దాటుతుంది.

ఈ అంకెల అర్థం తెలియాలంటే మనుషుల ఖర్చుతో పోల్చి చూడాలి. జాతీయ స్థాయిలో జరిగిన 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం నగర ప్రాంతాల్లో తలసరి నెలసరి వ్యయం 6,996 రూపాయలు. అంటే పైన వేసిన లెక్క ప్రకారం ఒక లాబ్రడార్‌ను పోషించడానికి అయ్యే ఖర్చు సగటు నగరవాసి నెల ఖర్చులో పదింట ఏడు పాళ్లు. నలుగురున్న ఇంట్లోకి కుక్కను తెచ్చుకోవడమంటే దాదాపు ఐదో మనిషిని తెచ్చుకోవడమే.

పైగా ఈ ఖర్చు నెలనెలా ఒకే తీరులో ఉండదు. మొదటి ఏడాది పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధులు సోకకుండా విడతలవారీగా టీకాలు వేయించాలి. రేబిస్ టీకా మొదటిసారి వేయించాక వైద్యుడు చెప్పిన గడువు తప్పకుండా మళ్లీ మళ్లీ వేయిస్తూనే ఉండాలి. నట్టల మందు, గోమార్ల నివారణ మందు ఏడాది పొడవునా తప్పనిసరి. మన వాతావరణంలో గోమార్ల ద్వారా సంక్రమించే జ్వరాలు కుక్కల ప్రాణాల మీదకు తెస్తాయి. రక్తపరీక్షలు, సెలైన్లు, రోజుల తరబడి చికిత్స అవసరమవుతాయి. వార్ధక్యంలో కీళ్లు, పళ్లు, మూత్రపిండాల సమస్యలు వరుస కడతాయి. కొన్ని సాధారణ బీమా కంపెనీలు కుక్కలకు సైతం పాలసీలు అమ్ముతున్నప్పటికీ అత్యధికులు జబ్బు ఖర్చును జేబులోంచే పెట్టుకొంటున్నారు. కుటుంబాలు తడబడేది ఈ మలుపు దగ్గరే.

పన్ను ఒక తీరు, వైద్యం మరో తీరు

పన్నుల విధానంలో కనిపించే తారతమ్యం గమనార్హం. 2017లో వస్తు, సేవల పన్ను అమల్లోకి వచ్చినప్పుడు పశువుల దాణాకు మినహాయింపు ఇచ్చి, చిల్లర విక్రయానికి ప్యాక్ చేసిన కుక్కల ఆహారాన్ని 18 శాతం పన్ను శ్రేణిలో చేర్చారు. నెలకు 3,000 రూపాయల తయారీ ఆహారం కొనే యజమాని అందులో దాదాపు 458 రూపాయలు పన్నుగా కడుతున్నట్లు లెక్క. ఏడాదికి అది దాదాపు 5,500 రూపాయలు. మరోవైపు పశు వైద్యశాలలు అందించే చికిత్సను పన్ను నుంచి మినహాయించారు. అయితే మన ప్రభుత్వ పశు వైద్య వ్యవస్థ ప్రధానంగా పాడి పశువులు, గొర్రెలు, మేకల కోసం ఏర్పడింది. నగరాల్లో కుక్కలకు చికిత్స అందించే ప్రభుత్వ ఆస్పత్రులు వేళ్ల మీద లెక్కించదగినన్ని. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ పశు వైద్యశాల వంటివి మినహాయిస్తే మధ్యతరగతికి ప్రైవేటు క్లినిక్కులే గతి.

ఖర్చును పెంచడంలో మోజు పాత్ర కూడా తక్కువేమీ కాదు. 2003లో ఒక మొబైల్ ఫోన్ కంపెనీ ప్రకటనలో బాలుని వెంట నడిచిన పగ్ జాతి కుక్క దేశమంతటా ఇంటింటి ముచ్చటగా మారింది. చప్పిడి ముక్కు గల ఆ జాతికి వేసవిలో ఊపిరి తీసుకోవడమే కష్టమన్న సంగతి కొన్నవారిలో చాలామందికి తర్వాత గానీ తెలియలేదు. ఆపై మంచు ప్రాంతాల్లో బళ్లు లాగడానికి పుట్టిన సైబీరియన్ హస్కీ వంతు వచ్చింది. రోహిణి కార్తె ఎండల్లో దానికి ఏసీ విలాసం కాదు, ప్రాణావసరం. ఆ విద్యుత్తు బిల్లు కూడా పోషణ ఖర్చులో భాగమే.

ఇందుకు భిన్నంగా ముధోల్, రాజపాళయం, చిప్పిపారై వంటి దేశవాళీ జాతులు మన ఎండలకు అలవాటుపడినవి. తపాలా శాఖ 2005లో ముధోల్, రాజపాళయం జాతుల మీద స్టాంపులు విడుదల చేసింది. అయితే అవి వేట కోసం, కాపలా కోసం పెంచిన జాతులు. పరుగెత్తడానికి చోటు కావాలి. మూడో అంతస్తు ఫ్లాటుకు వీటన్నిటికన్నా తగినది వీధిలో పుట్టిన సామాన్యపు కుక్కపిల్లే. దానికి కొనుగోలు ధర లేదు. అయినా మోజు దాని వైపు మళ్లడం లేదు.

నిబంధనలకు కొదవ లేదు

నిబంధనలు లేవని ఎవరూ అనలేరు. వ్యాపార నిమిత్తం విదేశాల నుంచి కుక్కల దిగుమతిని కేంద్రం 2016లో కట్టడి చేసింది. కుక్కలను ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని 2017 నాటి నియమాలు నిర్దేశిస్తున్నాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువులకు టీకాలు, నట్టల మందు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స బాధ్యతను యజమానిపైనే ఉంచాయి. అపార్టుమెంట్ల సంఘాలు కుక్కల పెంపకాన్ని నిషేధించడం చెల్లదని కేరళ హైకోర్టు 2021లో తీర్పు చెప్పింది.

స్థానిక సంస్థలు సైతం కఠిన వైఖరికి మళ్లుతున్నాయి. నోయిడాలో పెంపుడు కుక్క వల్ల ఎవరైనా గాయపడితే యజమానికి 10,000 రూపాయల జరిమానా, దానితోపాటు బాధితుని చికిత్స ఖర్చు విధించాలని 2022లో నిర్ణయించారు. లైసెన్సు లేని పెంపుడు కుక్కల యజమానులకు 5,000 రూపాయల జరిమానా వేస్తామని చెన్నై కార్పొరేషన్ 2025లో ప్రకటించింది. ప్రమాదకరమైనవిగా భావించిన 23 జాతులను నిషేధించాలని కేంద్రం 2024 మార్చిలో రాష్ట్రాలకు లేఖ రాసింది. నెల తిరగకముందే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది.

ఇన్ని నియమాలున్నా అసలు చోట గండి అలాగే ఉంది. కుక్కను పోషించేవారి మీద ఆంక్షలు, జరిమానాలు పెరుగుతుండగా, దాన్ని రోడ్డు మీద వదిలేసి వెళ్లేవారికి 1960 నాటి జంతు హింస నివారణ చట్టం విధించే శిక్ష ఏమిటి? తొలి నేరానికి 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా జరిమానా! ఆహారం మీద ఏడాదికి 5,500 రూపాయల పన్ను కట్టే యజమాని, అదే కుక్కను ఊరి చివర దింపి వస్తే చెల్లించవలసింది గరిష్ఠంగా 50 రూపాయలు. అదీ పట్టుబడితేనే. చట్టాన్ని కఠినతరం చేసేందుకు కేంద్రం 2022 నవంబరులో సవరణ ముసాయిదాను ప్రజల ముందుంచినా, పాత జరిమానాలను మార్చడంలో మీనమేషాలు లెక్కించడమే జరిగింది. పోషణ ఖరీదుగాను, పరిత్యాగం చౌకగాను ఉన్నంత కాలం ఫలితం ఏమిటో ఊహించడానికి పెద్ద పరిజ్ఞానం అవసరం లేదు.

వీధి చెల్లిస్తున్న మూల్యం

2019 నాటి పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు ఒక కోటీ 53 లక్షలు. 2024లో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదైనట్లు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుని వీధికుక్కలు పొట్టనపెట్టుకొన్న ఘోరాన్ని తెలుగు ప్రజలు మరచిపోలేదు. ఈ పరిస్థితికంతటికీ ఇళ్ల నుంచి గెంటివేసిన కుక్కలే కారణమనడం సమంజసం కాదు. చెత్త నిర్వహణలో, శస్త్రచికిత్సల నిర్వహణలో పురపాలక సంఘాల వైఫల్యం అందులో ప్రధానం. అయితే శస్త్రచికిత్స జరగని ఒక ఆడ పెంపుడు కుక్క వీధిలోకి వస్తే రెండు నెలల్లోనే అరడజను పిల్లలను కనగలదన్నది కాదనలేని సత్యం. వీధిలో బతకడం తెలియని ఆ కుక్క అనుభవించే నరకం వేరే చెప్పనక్కర్లేదు.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించి, అదే నెల 22న త్రిసభ్య ధర్మాసనం ద్వారా ఆ ఉత్తర్వును సవరించింది. రేబిస్ సోకినవి, దూకుడు స్వభావం గలవి మినహా మిగతావాటిని టీకాలు, శస్త్రచికిత్స అనంతరం తిరిగి వదలాలని చెప్పింది. అందులోనే మరో ముఖ్యమైన మాట ఉంది. వీధికుక్కలను దత్తత తీసుకోవడానికి జంతు ప్రేమికులు ముందుకు రావచ్చు గానీ, తీసుకొన్నాక అవి మళ్లీ వీధికెక్కకుండా చూసే పూచీ వారిదే. దత్తత తీసుకొన్నవారికి వర్తించే ఈ సూత్రం వేలు పోసి కొనుక్కొన్నవారికి వర్తించకపోవడానికి కారణం కనిపించదు.

కాగా ఈ పూచీని కేవలం జరిమానాలతో రాబట్టడం సాధ్యం కాదు. రుసుములు విపరీతంగా పెంచితే మధ్యతరగతి యజమాని కుక్కను దాచిపెడతాడు, లేదా వదిలించుకొంటాడు. నమోదు రుసుము నామమాత్రంగా ఉండాలి. శస్త్రచికిత్స చేయించిన కుక్కకు, వీధి నుంచి దత్తత తెచ్చుకొన్న కుక్కకు దాన్ని పూర్తిగా ఎత్తివేసినా తప్పు లేదు. ప్రతి కుక్కకూ గుర్తింపు చిప్ అమర్చితే వీధిలో దొరికిన కుక్క ఎవరిదో తెలుస్తుంది. వదిలేసినవారికి విధించే జరిమానా కనీసం ఏడాది పోషణ ఖర్చుతో సమానంగా ఉండాలి. నగరాల్లో ప్రతి మండలానికీ ఒక ప్రభుత్వ క్లినిక్ ఉండి టీకాలు, శస్త్రచికిత్సలు చౌకగా అందిస్తే ఆ ఖర్చు కుక్కకాటు మందుల ఆదాలో ఎంతో కొంత తిరిగి వస్తుంది.

అంతకు ముందు లెక్క చూసుకోవలసింది మాత్రం ఇంట్లోనే. పిల్లల పుట్టినరోజు ముచ్చటకు తెచ్చే కుక్కపిల్ల, ఆ పిల్లలు పదో తరగతి దాటి కళాశాలకు వెళ్లేనాటికీ గుమ్మం దగ్గర ఎదురుచూస్తూనే ఉంటుంది. బదిలీలు వచ్చినా, అద్దె ఇల్లు మారినా, ఉద్యోగం పోయినా దానికి ఆ ఇల్లు తప్ప మరో దిక్కు లేదు. పన్నెండేళ్ల పాటు నెలనెలా ఆ ఖర్చు భరించగలమని నమ్మకం కుదిరిన తర్వాతే కుక్కపిల్లను ఎత్తుకోవడం దానికీ, వీధికీ, ఊరికీ మేలు.