పెరటి యింటికి చట్టములో చోటేది?

ఉమ్మడి కుటుంబములు విడిపోయినవి గాని ఉమ్మడి పెరళ్లు ఇంకను విడిపోలేదు. జనగామలో గాని, మానుకోటయని మనము నేటికిని పిలుచుకొను మహబూబాబాదులో గాని, బొగ్గుగనుల భూపాలపల్లిలో గాని పాతవీథులలోనికి పోయి చూడుడు. ముందు పెంకుటిల్లో డాబాయో యుండును. వెనుక బావి, వేపచెట్టు, ఒకప్పుడు ఎడ్లను కట్టిన కొట్టము ఉండును. ఎడ్లు పోయినవి. ఆ కొట్టము చోట రెండర్రలు వేసి పెండ్లియైన కుమారునిచే కాపురము పెట్టించవలెనని యొకరికి, ఒంటరి తల్లిని కన్నులయెదుట ఉంచుకొనవలెనని యొకరికి, గనిలో పనిచేయువానికి అద్దెకిచ్చి నాలుగు రూకలు కండ్లజూడవలెనని మరియొకరికి కోరిక. కోరిక చిన్నది. దానికి అడ్డుపడు చిక్కులు మాత్రము చిన్నవి కావు.

ఈ మూడు పట్టణములును పూర్వపు వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. మూడింటికిని చట్టమొక్కటే. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టమును, 2020 నాటి భవనానుమతుల స్వయంధ్రువీకరణ చట్టమును అనుసరించి, 75 గజములకు మించని స్థలములో 7 మీటర్ల యెత్తులోపల ఇల్లు కట్టుకొనువానికి అనుమతి యక్కరలేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేయించుకొన్న చాలును. అంతకు మించి 500 చదరపు మీటర్ల స్థలము వరకు, 10 మీటర్ల యెత్తు వరకు, యజమాని తన ప్లానును తానే ధ్రువపరచినచో తక్షణమే అనుమతి లభించును. ఇంకను పెద్దవానికి 21 దినముల గడువు. ఈ చట్టమును మేము మెచ్చుకొనుచున్నాము. ఒక్క సంతకము కొరకు చెప్పులరుగునట్లు తిరిగిన దినములు ఎరుగనివారము కాము.

అయితే ఈ చట్టము స్థలమును చూచును గాని ఇంటిని చూడదు. 75 గజములున్నవాడు రూపాయితో మేడ కట్టుకొనగలడు. 200 గజముల స్థలమున్నవాడు వెనుక 44 గజములలో, అనగా సుమారు 400 చదరపుటడుగులలో, రెండర్రలు వేయదలచిన యెడల మొత్తము స్థలమునకు ప్లాను గీయించవలెను. పాతయింటిని గూడ కలిపి నలువైపుల విడువవలసిన ఖాళీకి లెక్క చూపవలెను. ఆ ఖాళీని స్థలపు వైశాల్యమును బట్టియు, కట్టడపు ఎత్తును బట్టియు 2012 నాటి నియమములు నిర్ణయించినవి. తాత కట్టిన గోడ హద్దుమీదనే యున్నది. పాపము, ఆ తాత 2012ను కలగన్నవాడు కాడు! ఇక స్వయంధ్రువీకరణలో అసత్యము వ్రాసినట్లు తేలినచో ముందు నోటీసు లేకయే కూల్చివేయు అధికారము ఆ 2020 చట్టములోనే కలదు. కనుక నిజము చెప్పినవానికి అనుమతి రాదు; చెప్పనివానికి నిద్ర రాదు. మిగిలిన దారి దళారి గుమ్మమునకు పోవును.

చట్టమొక్కటైనను ఖర్చు మూడుచోట్లను ఒక్కటి కాదు. అనుమతిలేని లేఅవుటులో కొన్న స్థలమైనచో, దాని విలువపై నూటికి 14 వంతున బహిరంగస్థలపు రుసుము చెల్లించవలెను. క్రమబద్ధీకరణ రుసుము వేరు. ఉదాహరణకు గజము పుస్తకపు విలువ 5,000 రూపాయలనుకొందము. 200 గజములకు 10 లక్షలు, రుసుము 1,40,000. విలువ 2,000 అయినచో రుసుము 56,000. రెండర్రలును అవే, ఇటుకలును అవే. రుసుము మాత్రము రెండున్నర రెట్లు! పాత గ్రామకంఠములోని యింటికి లేఅవుటు బాధ లేదు గాని అక్కడ మరియొక బాధ. ఇండ్లవారీ హద్దులు సర్వేలో చాలవరకు లేకపోవుటచే, నాలుగు తరములుగా కాపురమున్నవాడు సైతము ఇంటిపన్ను రసీదులు చేతబట్టుకొని తన యిల్లు తనదేయని నిరూపించుకొనవలెను. మహబూబాబాదు జిల్లాలో పట్టణము దాటి కొత్తగూడ, గంగారము, బయ్యారము వంటి ఏజెన్సీ మండలములలో 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దాని 1970 సవరణయు వర్తించును. అక్కడ గిరిజనేతరుడు కొన్న స్థలమునకు మూలహక్కే లేదు. దానిపై పెరటి గది సంగతి మాట్లాడుట వ్యర్థము. ఆ నిబంధన ఆదివాసుల నేలకు కంచె; దానిని సడలించుమని మేము కోరము.

సామగ్రి సంగతియు నట్టిదే. భూపాలపల్లి జిల్లాకు మహదేవపురము వద్ద గోదావరి యిసుక కలదు. చెల్పూరు విద్యుత్కేంద్రపు బూడిదతో ఇటుకలు చేయవచ్చును. మెట్టనేలల జనగామకు ఆ యిసుకయే చేరవలెనన్న లారీకిరాయి తోడగును.

ఇందొక విచిత్రము గమనింపదగినది. 2024 మార్చి 11న భద్రాచలములో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము, సొంతస్థలముగల పేదకు 5 లక్షల రూపాయలిచ్చుచు, ఇల్లు 400 చదరపుటడుగులకు తగ్గరాదనియు, 600కు మించరాదనియు విధించినది. 400 అడుగులకు లెక్కించిన అడుగునకు 1,250 రూపాయలు. అనగా 400 అడుగులు ఒక సంసారమునకు చాలునని ప్రభుత్వమే యొప్పుకొన్నది. డబ్బిచ్చునప్పుడు ఇల్లైనది అనుమతి యిచ్చునప్పుడు వేరుగా లెక్కకు రాకుండుట యేమి న్యాయము?

మనవారనేకులు స్థిరపడిన కాలిఫోర్నియా రాష్ట్రములో ఇట్టి పెరటి యింటికి చట్టమున ప్రత్యేకస్థానము కలదు. 2020 నుండి అమలులోనున్న శాసనముల ప్రకారము 800 చదరపుటడుగుల వరకు అట్టి యింటిని, వెనుక ప్రక్కల 4 అడుగులు విడిచినచో, నగరము కాదనరాదు. దరఖాస్తును 60 దినములలో తేల్చవలెను. 750 అడుగులకు లోపైనదానిపై అభివృద్ధి భారపు రుసుములు వేయరాదు. అక్కడి కూలియు వెలలును మనకు పోలిక కావు. నియమము మాత్రము పోల్చదగినది.

మా పాఠకులలోని యజమానులకును ఒక మాట చెప్పక తప్పదు. కిటికీలేని కొట్టమును గదియని పేరుపెట్టి కార్మికునకు అద్దెకిచ్చుచు, బావికి పది అడుగులలో మరుగుదొడ్డి గుంట త్రవ్వించి, పొరుగువాని గోడమీదికి చూరునీరు వదలువారు లేకపోలేదు. సడలింపు కోరు హక్కు వారికి లేదు. గాలియు వెలుతురును, మురుగు పోవు దారియు, అగ్నిమాపక శకటము రాకున్నను కనీసము నీటిగొట్టము లాగుకొనివచ్చుటకు సందును విడిచినవానికే ఆ హక్కు.

కావున మేము కోరునది స్వల్పము. యజమాని తానే నివసించు స్థలములో, పెరటివైపున, 400 చదరపుటడుగులకు మించక, ఒక్క అంతస్తుగా కట్టు ఇంటిని 75 గజముల స్థలముతో సమానముగ నెంచి రూపాయి నమోదుతో విడువవలెను. పాతగోడ హద్దుపై నున్నందున క్రొత్తగదిని ఆపరాదు. క్రొత్తగోడకే ఖాళీ లెక్కించవలెను. పదునాలుగు వంతుల రుసుమును అట్టి చిన్నయింటి విషయమున కట్టడపు వైశాల్యముమేరకే వసూలు చేయవలెను. మొదటి రెంటికిని శాసనసభ పూనుకొనవలెను. అంతవరకు మూడు పురపాలక సంఘములును తమ కార్యాలయపు గుమ్మములో, ఏ వార్డులో గజము విలువ యెంతయో, 100, 200, 300 గజముల స్థలములకు ఏయే రుసుము లెంతయో, తెలుగున పెద్ద అక్షరములతో బోర్డు వ్రాయించి పెట్టవచ్చును. దానికి హైదరాబాదు ఉత్తరువు రానక్కరలేదు. వైశాఖములో పునాదులు త్రవ్వువారు మాఘముననే సొమ్ము కూడబెట్టుదురు. ఆ బోర్డు అప్పటికే అక్కడ ఉండవలెను.